మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ గల్‌వింగ్, 1/24: సిల్వర్ రంగు, ఇంజిన్ డిటైలింగ్ మీద సలహాలు కావాలి

గల్‌వింగ్_ఫ్యాన్

అందరికీ నమస్కారం. టమియా వాళ్ల 1/24 (అసలు కారులో 24వ వంతు) మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ ప్లాస్టిక్ మోడల్ కిట్ మొదలుపెట్టాను. ఇంతవరకు కట్టినవన్నీ బానెట్ తెరుచుకోని కర్బ్‌సైడ్ కిట్లే. ఇందులో ఇంజిన్, గొట్టాల ఫ్రేమ్, పైకి లేచే తలుపులు అన్నీ ఉన్నాయి. అందుకే ఈసారి నెమ్మదిగా, అడిగి తెలుసుకుంటూ చేద్దామనుకుంటున్నాను.

బాడీ మీద మోల్డ్ లైన్లు (అచ్చు అతుకు గీతలు) గీకేశాను, ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత) ఇంకా వేయలేదు. రంగు మాత్రం ఖాయం చేసుకున్నాను: అప్పట్లో కంపెనీ వేసిన సిల్వర్ గ్రే, కంపెనీ కోడ్ డీబీ 180. టెన్షన్ కూడా దాని గురించే. సిల్వర్ వేసిన మోడళ్లు ఫోటోల్లో చాలావరకు బొమ్మ కార్లలా కనిపిస్తాయి. నలుపు, ఎరుపు వేసినవి అలా అనిపించవు. ఎందుకంటారు? ఏ సిల్వర్ వాడాలి? ఇంజిన్‌కి వైర్లు పెట్టాలంటే ఎంత మందం? క్రోమ్ బీడింగ్‌కి (కిటికీల చుట్టూ మెరిసే పట్టీకి) ఫాయిలా (అంటుకునే పల్చటి లోహపు రేకు), పెన్నా? తెలిసినవాళ్లు ఒక్కదానికి జవాబు చెప్పినా చాలు.

రేకు_రంగు

బొమ్మలా కనిపించడానికి కారణం రంగులోని రేణువు. మెటాలిక్ పెయింట్‌లో సన్నని అల్యూమినియం రేకులు ఉంటాయి. ఒక రేకు 25 మైక్రాన్లు అనుకోండి. 1/24 మోడల్ మీద అది 24 రెట్లు, అంటే అసలు కారు మీద 0.6 మి.మీ. ముక్క ఉన్నట్టు. 1950ల మెర్సిడెస్ మీద అంత పెద్ద తళుకులు ఎక్కడివి? చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా కన్ను మాత్రం వెంటనే పట్టేస్తుంది. నలుపు, ఎరుపు సాదా రంగుల్లో రేకే ఉండదు కాబట్టి ఆ సమస్యే రాదు.

అందుకని డబ్బా మీద పేరు చూసి కొనొద్దు, రేణువు చూసి కొనండి. రెండు మూడు రకాల సిల్వర్ ప్లాస్టిక్ చెంచాల వీపు మీద ప్రైమర్ కొట్టి వేసి చూడండి. చెంచాకి కూడా కారు ఫెండర్‌లాగే వంపు ఉంటుంది కాబట్టి వెలుగు ఎలా జారుతుందో తెలుస్తుంది. ముక్కుకి ఆనించి చూడకండి, చెయ్యి చాచి పట్టుకుని చూడండి. విడివిడి చుక్కలు కనిపిస్తే ఆ రంగు పక్కన పెట్టేయండి. వెలుగు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జారుతూ, మధ్యలో ఎక్కడా మెరుపు విరగకుండా ఉంటే అదే మీ రంగు. డీబీ 180 అసలే గ్రే వైపు మొగ్గే సిల్వర్. మరీ తెల్లగా మెరిసేది వద్దు.

ఇంకో విషయం, గల్‌వింగ్‌కి ఇది చాలా ముఖ్యం. తలుపులు, బానెట్, డిక్కీ మూత వేరే ముక్కలుగా రంగు వేస్తే, రేకులు ఒక్కో ముక్క మీద ఒక్కోలా పడుకుంటాయి. రంగు ఒకటే అయినా బిగించాక తలుపు ఒక ఛాయ, బాడీ ఒక ఛాయ కనిపిస్తాయి. లోపలి వైపు నుంచి టేప్‌తో అన్నీ వాటి వాటి స్థానాల్లో నిలబెట్టి, ఒకే విడతలో, ఒకే దిశలో స్ప్రే చేయండి. చివరి పొర కాస్త దూరం నుంచి పొగమంచులా పల్చగా పడాలి.

ప్రైమర్_గ్రే

రేకు_రంగు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ సిల్వర్ దాకా వెళ్లే ముందు ఒక మాట. సిల్వర్ గీతల్ని దాచదు, చూపిస్తుంది. సాదా రంగు కింద కలిసిపోయే గీత సిల్వర్ కింద దారంలా లేచి కనిపిస్తుంది. ప్రైమర్ ఆరాక 1000 నంబర్ ఉప్పు కాగితం, తర్వాత 1500, తడిపి రుద్దండి. ఎండలో గానీ దీపం కింద గానీ బాడీని ఏటవాలుగా తిప్పుతూ చూడండి. ఫెండర్ల మీద చక్రాల పైన కనుబొమల్లా ఉబ్బెత్తు గట్లు ఉన్నాయి కదా, వాటి కింది మూల దగ్గర గీతలు మిగిలిపోతాయి. వేలు పట్టని చోటు అది. అగ్గిపుల్లకి కాగితం చుట్టి రుద్దాలి.

మందం కూడా లెక్కలోకి తీసుకోండి. ప్రైమర్, రంగు, క్లియర్ (రంగు మీద కొట్టే పారదర్శక పూత) కలిపి 0.1 మి.మీ. అయిందంటే అసలు కారు మీద 2.4 మి.మీ. పూత పూసినట్టు. తలుపు సందులు పూడుకుపోయేది, బ్యాడ్జి అక్షరాలు మొద్దుబారేది అందుకే. ప్రైమర్ వేయకముందే తలుపులు, బానెట్ చుట్టూ ఉన్న గాడుల్ని స్క్రైబర్‌తో (గాడి గీసే మొన పనిముట్టు) ఒకసారి లోతు చేయండి. వెడల్పు పెరగకూడదు, లోతు మాత్రమే పెరగాలి.

గల్‌వింగ్_ఫ్యాన్

చాలా థ్యాంక్స్ ఇద్దరికీ. ఈ 24తో గుణించి చూడటం నాకు తట్టనే లేదు. క్లియర్ సంగతి ఎవరూ చెప్పలేదు. సిల్వర్ మీద నేరుగా పాలిష్ చేస్తే సరిపోదా? టూకే (హార్డెనర్ కలిపి వాడే రెండు భాగాల) క్లియర్ మంచిదని కొందరు, వద్దని కొందరు అంటున్నారు.

సూది_0.3

సిల్వర్‌ని నేరుగా రుద్దకండి. పైనున్న రేకులు తెగి ఆ చోట మబ్బు మచ్చ పడుతుంది, మళ్లీ రంగు వేయడం తప్ప దారి లేదు. దుమ్ము కణం పడినా క్లియర్ వేశాకే రుద్దాలి.

డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే పల్చటి ముద్రలు) ఉంటే సిల్వర్ ఆరాక అవి వేసి, ఆపైన క్లియర్. లాకర్ (ఘాటు ద్రావకంతో త్వరగా ఆరే రకం) క్లియర్ అయితే మొదటి రెండు పొరలు బాగా పల్చగా, దాదాపు పొడిగా పడాలి. తడిగా పడితే ద్రావకం డెకాల్‌ని ముడతలు పెట్టేస్తుంది. పల్చటి పొరలు గట్టిపడ్డాక తడి పొర వేసుకోవచ్చు.

టూకే బాగుంటుంది, కాదనను. ఒకటి రెండు పొరల్లో గాజులా వస్తుంది, గట్టిగా ఉంటుంది. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు వాటిని ఆపవు. ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోయిందంటే తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసం లాంటి బాధ వస్తుంది. సరైన రెస్పిరేటర్, గాలి బయటకు లాగే బూత్, గ్లవ్స్ లేకపోతే టూకే జోలికి వెళ్లొద్దు. ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు. లాకర్ క్లియర్‌కి కూడా కిటికీ తెరిచి, ఆర్గానిక్ వేపర్ మాస్కు పెట్టుకునే పని చేయండి.

ఈ కారుకైతే లాకరే నయమని నా అభిప్రాయం. టూకే మెరుపు ఆధునిక కారు మెరుపు. 1955 నాటి కారు మీద కొంచెం మెత్తని నిగారింపు ఉంటేనే అందం. అద్దంలా పాలిష్ చేయాలన్న కోరిక ఆపుకోండి.

పాతబండి

300 ఎస్‌ఎల్ అనగానే రాయకుండా ఉండలేకపోయాను. కట్టే ముందు అసలు బండి గురించి కొంచెం తెలిస్తే ఏ వివరం పెట్టాలో, ఏది పెట్టకూడదో అదే తెలుస్తుంది.

దీని పూర్వీకుడు 1952లో లె మాన్స్ గెలిచిన రేసు కారు. సన్నని ఉక్కు గొట్టాలతో అల్లిన ఫ్రేమ్ దాని బలం. ఆ గొట్టాలు పక్కల్లో ఎత్తుగా వస్తాయి కాబట్టి మామూలు తలుపు పెట్టే చోటే లేదు. తలుపులు కప్పు మీదికి లేచింది అందువల్లే, షోకు కోసం కాదు. రోడ్డు కారుని 1954 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో చూపించారు. 1957 దాకా 1,400 కూపేలు తయారయ్యాయి. అందులో 29 మాత్రమే పూర్తి అల్యూమినియం బాడీవి. మిగతావాటికి బాడీ ఉక్కు, బానెట్, తలుపులు, డిక్కీ మూత అల్యూమినియం.

ఆ గడప ఎత్తు వల్ల లోపలికి దిగడం కష్టం. అందుకని స్టీరింగ్ చక్రాన్ని మడిచేలా చేశారు. తలుపు తెరిచి చూపించాలనుకుంటే డ్రైవర్ వైపు స్టీరింగ్‌ని కిందికి వంచి పెట్టండి. తెలిసినవాళ్లు చూస్తే ముచ్చటపడతారు.

పక్క కిటికీ అద్దాలు కిందికి దిగవు, పూర్తిగా ఊడదీయాల్సిందే. లోపలి గాలి బయటకు పోవడానికి కప్పు వెనక చివర, వెనక అద్దం పైన, సన్నని సందులుంటాయి. చాలామంది మోడలర్లు వాటికి నీడ రంగు వేయడం మర్చిపోతారు. డిక్కీలో స్పేర్ చక్రం, 130 లీటర్ల పెట్రోల్ ట్యాంకు ఉండటంతో సామానుకి చోటు మిగల్లేదు. సీట్ల వెనక అరలో దానికి సరిపోయేలా కుట్టిన తోలు పెట్టెలు ఇచ్చేవారు. వెనక అద్దంలోంచి అవి చక్కగా కనిపిస్తాయి. ప్లాస్టిక్ షీట్‌తో పెట్టె చేసి, సన్నగా కోసిన మాస్కింగ్ టేప్‌కి గోధుమ రంగు వేసి పట్టీలుగా అతికించవచ్చు.

చక్రాల విషయంలో ముందే నిర్ణయించుకోండి. మామూలు ఉక్కు చక్రానికి హబ్‌క్యాప్ ఉంటుంది. మధ్యలో ఒకే నట్టు ఉండే రడ్జ్ చక్రాలు అదనంగా డబ్బిచ్చి వేయించుకునేవి. రెండూ కలపకూడదు. డిస్క్ బ్రేకులు బాగుంటాయని విడిగా కొని పెట్టేవాళ్లున్నారు. కూపేకి నాలుగూ డ్రమ్ములే. డిస్కులు 1961లో రోడ్‌స్టర్‌కి వచ్చాయి.

సన్నతీగ

పాతబండి గారి పోస్టు సేవ్ చేసి పెట్టుకున్నాను. ఇంజిన్ సంగతి నేను చెప్తాను.

ఈ ఇంజిన్ 2,996 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు. బానెట్ ఎత్తు తగ్గించడానికి దాన్ని ఎడమ వైపుకి 50 డిగ్రీలు వాల్చి బిగించారు. ఫోర్ స్ట్రోక్ ప్రొడక్షన్ కార్లలో పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే ఇంజెక్షన్ మొదట దీనికే వచ్చింది. మోడలర్‌కి ఇందులో పనికొచ్చేది ఏమిటంటే, కార్బ్యురేటర్ ఉండదు. స్పార్క్ ప్లగ్ వైర్లు ఆరు, అవి కాక ఇంజెక్షన్ పంపు నుంచి సిలిండర్లకి ఆరు సన్నని లోహపు గొట్టాలు. ఈ రెండూ వేరువేరుగా కనిపించాలి. ఒకటి రబ్బరు, ఒకటి లోహం.

మందం లెక్క సులువే. ప్లగ్ వైరు 7 మి.మీ. అయితే 24తో భాగిస్తే 0.29. కాబట్టి 0.3 తీగ. ఇంజెక్షన్ గొట్టం 6 మి.మీ. అనుకుంటే 0.25. షాపులో మోడల్ వైరింగ్ అని అమ్మేవి చాలావరకు 0.5 ఉంటాయి. అది పెడితే అసలు కారులో 12 మి.మీ. తాడు లాగినట్టు. పాత హెడ్‌ఫోన్ కేబుల్ విప్పితే లోపల ఇనామిల్ పూసిన సన్న రాగి తీగలు దొరుకుతాయి, కొలిచి వాడుకోండి. గొట్టాలకి సోల్డర్ తీగ ఇంకా నయం. వంచితే వంచినట్టే ఉంటుంది, రాగిలా వెనక్కి లాగదు. సీసం కలిసిన సోల్డర్ అయితే పని అయ్యాక చేతులు కడుక్కోండి.

పిన్ వైస్‌కి (వేళ్లతో తిప్పే చిన్న డ్రిల్ పిడి) 0.3 డ్రిల్ పెట్టి రంధ్రం వేసే ముందు సూది మొనతో చిన్న గుంట చేయండి, లేకపోతే బిట్ జారుతుంది. తీగకి గమ్ పూయకండి. ముందు తీగని రంధ్రంలో దించి, తర్వాత సూది మొనతో సూపర్ గ్లూ ఒక్క చుక్క మొదట్లో తాకించండి. అదే లోపలికి పాకుతుంది. ఆరు వైర్లూ డిస్ట్రిబ్యూటర్ వైపే ముందు బిగించి, ప్లగ్గుల వైపు తర్వాత కత్తిరించుకోవాలి. పొడవు ముందే కొలిచి కోస్తే ఒక్కటి కూడా సరిపోదు.

నిదానం

అందరూ బాగా చెప్తున్నారు. నాదొక భిన్నాభిప్రాయం. ఈ ఇంజిన్ మీద పెద్ద గాలి పెట్టె, ఆరు వంపు గొట్టాలు పడుకుని ఉంటాయి. బానెట్ తెరిచినా సగం అవే కనిపిస్తాయి. వాటి కింద ఉండే ఇంజెక్షన్ లైన్లకి ఇంత శ్రమ అవసరమా? ఆ సమయం గ్రిల్ మీద, కిటికీ బీడింగ్ మీద పెడితే మోడల్ మొత్తానికి అందం వస్తుంది. ఎదురుగా నిలబడి చూసేవాడు ముందు చూసేది ముఖం.

సన్నతీగ

నిదానం గారూ, మీరన్నది సబబే. కానీ ఆ గొట్టాల సందుల్లోంచి ఏదో ఉందని తెలియడానికీ, ఖాళీగా ఉండటానికీ తేడా తెలుస్తుంది. నేనైతే అన్నీ పెట్టమనను. పై నుంచి చూస్తే కనిపించే చివరలు పెట్టి, కింద దాగిపోయే భాగం వదిలేయడం మధ్యే మార్గం.

ఆ గాలి పెట్టెకి క్రోమ్ వేయొద్దు. అది పోత అల్యూమినియం. మ్యాట్‌కి దగ్గరగా ఉండే అల్యూమినియం రంగు వేసి, మూలల్లో పల్చటి గ్రే వాష్ (సందుల్లోకి పాకేలా బాగా పల్చన చేసిన రంగు) చాలు. షోల కోసం రీస్టోర్ చేసిన కార్ల ఫోటోల్లో అన్నీ తళతళలాడతాయి, వాటిని నమ్ముకుంటే ఇంజిన్ నగల పెట్టె అవుతుంది.

గల్‌వింగ్_ఫ్యాన్

బానెట్ అతికించకుండా తీసి పెట్టుకునేలా ఉంచుతాను, కనిపించేవరకే వైరింగ్. ఇక క్రోమ్ గురించి చెప్పండి.

రేకు_రంగు

కిటికీ చుట్టూ బీడింగ్‌కి ఫాయిలే. బేర్ మెటల్ ఫాయిల్ బాగా పల్చగా ఉంటుంది, కింద ఉన్న ఆకారం చెడదు. కావలసిన దానికంటే కొంచెం పెద్ద ముక్క కోసి, వేలితో తేలిగ్గా ఆనించి, చెవి పుల్లతో రుద్దండి. బీడింగ్ అంచు గాడి తేలాక టూత్‌పిక్ మొనతో ఆ గాడిలోకి నొక్కండి. అప్పుడు కొత్త బ్లేడు, కచ్చితంగా కొత్తది. కత్తిని నొక్కకుండా గాడి వెంట దాని బరువుతోనే లాగండి. ఫాయిల్ తెగాలి, రంగు తెగకూడదు. బ్లేడు మొద్దుబారితే ఫాయిల్ తెగకుండా చిరుగుతుంది. మూల తిరిగే చోట ఒకే ముక్కతో తిప్పాలని చూడకండి. రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి వేసి రుద్దితే అతుకు కనిపించదు.

డిక్కీ మీది అక్షరాలకి వేరే పద్ధతి ఉంది. రంగు వేయకముందే, ప్రైమర్ మీద, అక్షరాల మీద ఫాయిల్ అతికించి చుట్టూ కోసేయండి. పైన సిల్వర్ మామూలుగా వేయండి. రంగు ఆరాక, క్లియర్‌కి ముందు, థిన్నర్‌లో కొంచెం తడిపిన గుడ్డని వేలికి బిగించి అక్షరాల పైభాగం మాత్రం తుడవండి. రంగు పోయి ఫాయిల్ బయటపడుతుంది, అక్షరం అంచు కత్తిలా వస్తుంది. సిల్వర్ కారు మీద క్రోమ్ తేడా తక్కువ కనిపిస్తుందని కొందరు వదిలేస్తారు. వదలకండి. ఆ కొద్ది తేడానే ఈ కారు అందం.

సూది_0.3

పెన్ను గురించి: మోలోటో క్రోమ్ పెన్ను చిన్న చిన్న వాటికి, అంటే తలుపు పిడి, వైపర్ మొదలు, డాష్‌బోర్డు డయల్ చుట్టూ రింగు, వీటికి హాయి. పొడుగాటి బీడింగ్‌కి వద్దు, చెయ్యి వణికిన చోటల్లా తెలుస్తుంది. ఇంకు ఆరినట్టు కనిపించినా కొన్ని రోజులు ముట్టకూడదు, వేలు తగిలితే గ్రే అయిపోతుంది. దాని మీద క్లియర్ కొడితే మెరుపు చచ్చిపోతుంది కాబట్టి చిట్టచివర వేయాలి.

కిట్లో క్రోమ్ పూతతో వచ్చిన భాగాలు ఉంటే, స్ప్రూ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోసిన చోట మచ్చ పడుతుంది. బంపర్‌కి అది ఎదురుగా కనిపిస్తుంది. నేను పూత తీసేసి మళ్లీ వేస్తాను. బట్టల బ్లీచ్‌లో నానబెడితే క్రోమ్ పోతుంది. గ్లవ్స్ వేసుకుని, ఆ బ్లీచ్‌లో వేరే ఏ క్లీనరూ కలపకుండా చేయండి. యాసిడ్ గానీ అమ్మోనియా గానీ కలిస్తే విషవాయువు వస్తుంది. తర్వాత మచ్చలు రుద్ది, నిగనిగలాడే నలుపు వేసి, పూర్తిగా ఆరాక దాని మీద ఆల్‌క్లాడ్ (స్ప్రే చేసే లోహపు రంగుల బ్రాండ్) క్రోమ్ చాలా పల్చగా. నలుపు ఎంత నున్నగా ఉంటే క్రోమ్ అంత బాగా వస్తుంది. క్రోమ్ ఎక్కువ కొడితే మామూలు సిల్వర్ అయిపోతుంది, నలుపు కాస్త లోపలి నుంచి పలకాలి.

గల్‌వింగ్_ఫ్యాన్

అప్‌డేట్. చెంచాల మీద మూడు సిల్వర్లు వేసి చూశాను. రేకు_రంగు గారు చెప్పిన తేడా పక్కపక్కన పెడితే స్పష్టంగా తెలిసింది. ఒకదానిలో చుక్కలు చెయ్యి చాచినా కనిపించాయి. అన్నిటికంటే సన్న రేణువున్న దానిలో రెండు చుక్కల గ్రే కలిపి వాడాను. తలుపులు, బానెట్ టేప్‌తో నిలబెట్టి ఒకేసారి కొట్టాను, ఛాయలో తేడా రాలేదు. అక్షరాల మీద ఫాయిల్ పద్ధతి కూడా బాగా వచ్చింది. క్లియర్ వేసి ఆరబెట్టాను. ఇప్పుడు తలుపు సందుల్లో నలుపు వాష్ వేయవచ్చా?

ప్రైమర్_గ్రే

నలుపు వద్దు. సిల్వర్ కారు మీద నల్ల గీత కార్టూన్ గీసినట్టు ఉంటుంది. నిజంగా తెరుచుకునే తలుపు, బానెట్ సందులకి ముదురు గ్రే, తెరుచుకోని అతుకులకి ఇంకా లేత గ్రే. పాతబండి గారు చెప్పిన కప్పు సందులకి, పక్క ఫెండర్ల గాలి సందులకి మాత్రం నలుపుకి దగ్గరగా వెళ్లవచ్చు, అవి నిజంగా లోతైన రంధ్రాలు.

టమియా ప్యానెల్ లైన్ (సందుల్లోకి పాకించే) రంగు ఇనామిల్. లాకర్ క్లియర్ మీద భయం లేదు, మిగిలింది ఇనామిల్ థిన్నర్‌తో తుడిచేయవచ్చు. రంగు లేని ఉత్త ప్లాస్టిక్ మీద, ముఖ్యంగా బిగుతుగా ఒత్తిడిలో ఉన్న ముక్కల మీద ఆ థిన్నర్ నిలిస్తే ప్లాస్టిక్ పెళుసై పగులుతుంది. సన్నని ఫ్రేమ్ గొట్టాల దగ్గర జాగ్రత్త.

నిదానం

లోపలి భాగం గురించి ఎవరూ రాయలేదు. ఈ కారుకి గళ్ల గుడ్డ సీట్లు మామూలుగా వచ్చేవి, తోలు కావాలంటే అడగాలి. గళ్లు వేయగలిగితే వేయండి, తలుపులు తెరవగానే కళ్లు అక్కడికే వెళ్తాయి. డెకాల్ కాగితం మీద ప్రింట్ తీసుకునేటప్పుడు గడి సైజు కూడా 24తో భాగించాలి. అసలు గడి 48 మి.మీ. ఉంటే మీ గడి 2 మి.మీ. సీటు వంపుల మీద ఒకే ముక్క పరిస్తే ముడతలు తప్పవు. ఆనుకునే భాగం, కూర్చునే భాగం, అంచులు విడివిడిగా కోయండి. అసలు సీటు కూడా కుట్టు దగ్గర అలాగే విడిపోతుంది కాబట్టి అతుకు సహజంగా ఉంటుంది. మైక్రో సోల్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) పూసి మెత్తబడ్డాక ముట్టుకోకుండా వదిలేయండి, చివర మ్యాట్ వార్నిష్. మెరుపు పోతేనే గుడ్డలా కనిపిస్తుంది.

పాతబండి

గళ్ల సీట్లకి నా ఓటు కూడా. పెద్ద స్టీరింగ్ చక్రానికి దంతపు రంగు వేస్తే వాటి పక్కన ఇంకా బాగుంటుంది.

చక్రాలు బిగించేటప్పుడు ఒక సులువైన పరీక్ష. ఈ కారు వీల్‌బేస్ 2,400 మి.మీ. 1/24లో సరిగ్గా 100. ఇరుసు నుంచి ఇరుసుకి స్కేలు పెట్టి రెండు వైపులా చూడండి. ఒక వైపు 100, ఇంకో వైపు 99 వస్తే ఇరుసు వంకరగా కూర్చుందన్నమాట. గమ్ ఆరకముందే గాజు పలక మీద నిలబెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో లేదో చూసుకోండి. టైర్లు నేలకి తగిలే పట్టీని ఉప్పు కాగితం మీద కొద్దిగా దొర్లిస్తే కొత్త ప్లాస్టిక్ మెరుపు పోతుంది. మెత్తటి వినైల్ టైర్లు ఏళ్ల తరబడి తాకి ఉంటే కొన్ని స్టైరిన్ (కిట్ ప్లాస్టిక్) రిమ్ములని కరిగిస్తాయి. రిమ్ము లోపలి అంచుకి కూడా రంగు పూసి బాగా ఆరనివ్వండి.

గల్‌వింగ్_ఫ్యాన్

వీల్‌బేస్ రెండు వైపులా 100 వచ్చింది! సీట్లకి గళ్లు ప్రింట్ చేయిస్తున్నాను. ఇక అద్దాలు, తలుపులు మిగిలాయి. అద్దాలకి సూపర్ గ్లూ వాడొచ్చా?

సన్నతీగ

వద్దు. సూపర్ గ్లూ ఆవిరి అద్దం మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. దగ్గర్లో మూసి ఉన్న ఖాళీలో వాడినా అంతే. అద్దాలకి తెల్ల గమ్, ఆరితే కనిపించదు. ఇంజిన్ తీగలకి వాడిన సూపర్ గ్లూ పూర్తిగా గాలి పట్టి ఆరేదాకా బాడీని ఛాసిస్ మీద దించకండి.

తలుపుల కీళ్ల దగ్గర క్లియర్ చేరి బిగుసుకుపోయి ఉంటుంది. అతికించే ముందు ప్రతి తలుపూ ఖాళీగా పెట్టి ఎత్తి దించి చూడండి. ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ కీలు లోపలి వైపు మాత్రం 2000 నంబర్ కాగితంతో రుద్దండి, బయటి అంచు ముట్టుకోకండి. రెండు తలుపులూ ఒకే ఎత్తుకి లేవాలి. ముందు నుంచి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

గల్‌వింగ్_ఫ్యాన్

ఎడమ తలుపు నిజంగానే ఒరుసుకుంటోంది, వెనక కీలు దగ్గర. ఈ రాత్రి రుద్ది చూస్తాను. బానెట్ తీసిన ఫోటోలు, గాలి పెట్టె పైనుంచి తీసినవి, రేపు ఇక్కడే పెడతాను. ఇంజెక్షన్ గొట్టాల చివరలు సరిపోయాయో లేదో నిదానం గారు, సన్నతీగ గారు ఇద్దరూ చూసి చెప్పాలి.